సీసా లేని మందుకు లెక్క ఎవరు చెబుతారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, ఔషధ నియంత్రణ అధికారులకు, ఓజోన్ చికిత్స చేస్తున్న వైద్యులందరికీ ఒక విశ్రాంత ఫార్మసిస్టు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పారాసిటమాల్ బిళ్ళల డబ్బా వచ్చినా, సెలైన్ సీసాల అట్టపెట్టె వచ్చినా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ స్టాక్ రిజిస్టరులో ఎక్కించాకే బీరువాలో పెట్టాలన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. అలాంటి నా ఇంటి మనిషి ఒంట్లోకే బ్యాచ్ నంబరూ, గడువు తేదీ, అసలు సీసా కూడా లేని మందు ఒకటి ఇరవై రెండుసార్లు వెళ్ళింది. ఏమిచ్చారు, ఎంత ఇచ్చారు అని అడిగితే చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు. పద్నాలుగు నెలలుగా కార్యాలయాల చుట్టూ తిరిగి, మూడు వినతిపత్రాలు ఇచ్చి, ఒక్కదానికీ రాతపూర్వకమైన జవాబు రాకపోవడంతో ఈ విషయాన్ని నలుగురి ముందూ పెడుతున్నాను.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. మా బావగారు మిర్చి రైతు, వయసు అరవై ఒకటి, పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. కుడికాలి బొటనవేలి కింద పుండు లేచింది. ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్ చూసి, కాలికి రక్తం సరిగా అందుతున్నదో లేదో పరీక్ష చేయించాలని, చెడిపోయిన కండ తీసివేయాలని, అవసరమైతే వేలు కూడా తీయవలసి రావచ్చని చెప్పారు. ‘తీయడం’ అన్న మాట వినపడిన తరువాత మా వాళ్ళకు మరే మాటా వినపడలేదు. అదే వారంలో ఒక బంధువు ఫోనులో ‘కాలు తీయకుండానే షుగరు పుండు మాన్పుతాం’ అనే ప్రకటన చూపించాడు. పక్క రాష్ట్రంలో, మా ఊరికి గంట దూరంలో ఉన్న ఓజోన్ చికిత్స కేంద్రం అది. సిట్టింగుకు 1,500 రూపాయల చొప్పున 22 సిట్టింగులకు 33,000 రూపాయలు చెల్లించాము. కాలికి ప్లాస్టిక్ సంచి తొడిగి అందులోకి వాయువు నింపేవారు. వారానికి ఒకసారి చేతి నుంచి రక్తం తీసి, అందులో ఆ వాయువు కలిపి, తిరిగి ఎక్కించేవారు. ఆ మూడు నెలల్లో ఆయన పాదం మీద నాడి ఆడుతున్నదో లేదో తాకి చూసినవారు లేరు. వేళ్ళు నల్లబడిన తరువాత పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాము, మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఆ కాలు ఓజోన్ వల్ల పోయిందని నేను అనడం లేదు. మొదటి వారంలోనే సర్జన్ మాట విని ఉంటే దక్కేదని కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఏది ఏమైనదో నిర్ణయించడానికి కావలసిన రాత ఏదీ లేదన్నదే నా ఫిర్యాదు. కేస్ షీటు అడిగితే ఒక అట్ట కార్డు ఇచ్చారు: పైన పేరు, కింద ఇరవై రెండు తేదీలు, ప్రతి తేదీ పక్కన పెన్నుతో పెట్టిన ఒక టిక్కు. అంతే.

ఆ కార్డు పట్టుకుని వెళితే ఒక కార్యాలయంలో ఇది ప్రకృతి వైద్యం కిందికి వస్తుంది, ఆయుష్ వారిని అడగండి అన్నారు. అక్కడికి వెళితే, బోర్డు మీద ఉన్నది అల్లోపతి పట్టభద్రుడి పేరు, మా పరిధి కాదన్నారు. మూడో చోట ఒక ఉద్యోగి, పాపం మర్యాదగానే, ‘మందు సీసా ఏదైనా ఉంటే తీసుకురండి, పరీక్షకు పంపిద్దాం’ అన్నాడు. ఈ లేఖ ఆ మాట దగ్గరే పుట్టింది. ఓజోన్‌కు సీసా ఉండదు. ఉండే అవకాశమే లేదు.

ఈ వాయువు సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటే ఓజోన్‌లో మూడు ఉంటాయి. ఆ మూడోది నిలకడగా ఉండదు. 1840లో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త దానికి ఉన్న ఘాటైన వాసనను బట్టే గ్రీకు మాటతో ఆ పేరు పెట్టాడు. చికిత్సకు వాడేది శుద్ధ ఓజోన్ కాదు. యంత్రంలో ఆక్సిజన్ మీద విద్యుత్తును ప్రసరింపజేస్తే వచ్చే మిశ్రమంలో 1 నుంచి 5 శాతం ఓజోన్, మిగిలినది ఆక్సిజన్. 20 డిగ్రీల వేడిలో సుమారు 40 నిమిషాలకు, 30 డిగ్రీలలో 25 నిమిషాలకు అందులోని ఓజోన్ సగానికి పడిపోతుంది. అందుకే దాన్ని నిలవ ఉంచలేరు, ఎక్కడికక్కడ తయారుచేసి అప్పటికప్పుడు వాడవలసిందే. అంటే రోగి మంచం పక్కనే ఒక మందు తయారవుతుంది, వాడకం అక్కడే అయిపోతుంది, ఆనవాలు కూడా అక్కడే మాయమవుతుంది. మర్నాడు ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఇలాంటి మందుకు రాసిపెట్టుకున్న లెక్కే సీసా. ఆ లెక్క లేకపోతే మందు ఇచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు.

నేను ఓజోన్‌కు వ్యతిరేకిని కాదు. నీళ్ళను శుద్ధి చేయడంలో దాని శక్తి నూరేళ్ళకు పైగా రుజువైనదే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైద్యులు సైనికుల కుళ్ళిన గాయాలకు దాన్ని వాడారు. నడుము డిస్కు జారినవారికి ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ డిస్కులోకి కొలిచిన మోతాదులో ఓజోన్ ఎక్కించే పద్ధతి ఇటలీలో బాగా నడిచింది. దాదాపు 8,000 మంది రోగుల వివరాలను కలిపి 2010లో ప్రచురించిన విశ్లేషణ, నొప్పి తగ్గిందని, ఇబ్బందులు వెయ్యికి ఒకటి కంటే తక్కువని చెప్పింది. ఆ విశ్లేషణ ఎలా సాధ్యమైంది? వాళ్ళు మోతాదు రాసిపెట్టుకున్నారు కాబట్టి. మరోవైపు అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధనల్లో ఓజోన్ విషవాయువనీ, వైద్యంలో దానికి తెలిసిన ఉపయోగం ఏదీ లేదనీ ఇప్పటికీ రాసి ఉంది. ఈ రెండు మాటల మధ్య తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. మన దగ్గర మాత్రం ఈ రెండింటిలో దేనికీ పనికివచ్చే సమాచారం పోగుపడడం లేదు. దానివల్ల మామూలు జనానికి కలుగుతున్న నష్టాలు ఇవి.

1. మోతాదు రోగికే కాదు, తరువాత చూసే డాక్టరుకూ తెలియదు. రక్తంలో కలిపేటప్పుడు సాధారణంగా వాయువులో మిల్లీలీటరుకు 10 నుంచి 40 మైక్రోగ్రాముల ఓజోన్ ఉండాలని ఈ వైద్యం చేసేవారే చెబుతారు. అంతకు బాగా మించితే ఎర్ర రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంటుంది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 ప్రమాణాల ప్రకారం బయటి గాలిలో ఎనిమిది గంటల సగటున ఓజోన్ ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మిల్లీలీటరుకు 30 మైక్రోగ్రాములున్న సిరంజిలోని వాయువు దానికి మూడు లక్షల రెట్లు గాఢం. రక్తంలో కలపడం, ఊపిరితో పీల్చడం ఒకటి కాదని నాకు తెలుసు. అయినా ఇంత తీక్ష్ణమైన పదార్థం యంత్రం మీద తిప్పే ఒక మరను నమ్ముకుని ఒంట్లోకి వెళుతున్నప్పుడు, ఆ మర చెప్పే అంకె నిజమో కాదో చివరిసారి ఎప్పుడు సరిచూశారో రాసి ఉండవద్దా? యంత్రానికి పెట్టినది వైద్య ఆక్సిజన్ సిలిండరా, లేక గదిలోని గాలినే లాగే యంత్రమా అన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే మామూలు గాలి నుంచి ఓజోన్ తయారుచేస్తే నైట్రోజన్ ఆక్సైడులు కూడా తయారై అందులో కలుస్తాయి. కూరగాయలు కడుక్కోవడానికి అమ్మే ఓజోన్ యంత్రానికీ, వైద్యానికి వాడే యంత్రానికీ తేడా పల్లెటూరి రోగి ఎలా కనిపెడతాడు?

2. రక్తం బయటికి తీసి మళ్ళీ ఎక్కించడం చిన్న పని కాదు. 1990ల చివర లండన్‌లోని ఒక ప్రత్యామ్నాయ వైద్య కేంద్రంలో రోగుల సొంత రక్తాన్ని సెలైన్‌తో కలిపి తిరిగి ఇచ్చే క్రమంలో, ఆ సెలైన్ కలుషితమై పదుల మందికి హెపటైటిస్-బి సోకింది. సీసా ఒకరి నుంచి ఒకరికి మారితే చాలు. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఈ చికిత్స చేయకూడదని ఓజోన్ వైద్యులే ఒప్పుకుంటారు, ఎందుకంటే వారి రక్తకణాలు ఈ ఒత్తిడికి తట్టుకోలేక పగిలిపోతాయి. మన గిరిజన ప్రాంతాల్లో ఆ లోపం ఉన్న కుటుంబాలున్నాయి. మా బావగారికి ఆ పరీక్ష చేయలేదు. ఇక వాయువును నేరుగా నరంలోకి ఎక్కించడం అన్నింటికన్నా ప్రమాదకరం: బుడగలు రక్తనాళాలకు అడ్డుపడి ప్రాణం పోవచ్చు. 2010లో మాడ్రిడ్‌లో ఓజోన్ వైద్యులే కూర్చుని ఆమోదించిన ప్రకటన కూడా ఆ పద్ధతి వద్దంటుంది. కొలిచిన మోతాదును, అనుభవజ్ఞుల హెచ్చరికలను పక్కనపెట్టి, ‘ఓజోన్ అంటే ఆక్సిజనే కదండీ’ అన్న ఒక్క మాటతో రోగికి ధైర్యం చెప్పడం న్యాయం కాదు.

3. కాలం పోతుంది. షుగరు పుండు విషయంలో ఇదే అసలు నష్టం. పుండు మీద బరువు పడకుండా చూడడం, చెడిన కండ తీయడం, ఇన్‌ఫెక్షన్‌ను అదుపు చేయడం, మూసుకుపోయిన రక్తనాళం తెరవడం. ఇవన్నీ రోజుల లెక్కన జరగవలసిన పనులు. షుగరు పుండ్లకు ఓజోన్ మీద, వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2015లో వెలువరించిన సమీక్షకు దొరికినవి మూడే మూడు అధ్యయనాలు, వాటిలో ఉన్నది మొత్తం 212 మంది. యాంటీబయాటిక్‌లతో పోల్చిన చోట పుండు వైశాల్యం ఎక్కువ తగ్గినట్టు కనిపించినా, పూర్తిగా మానిన పుండ్ల సంఖ్యలో తేడా తేలలేదు. గట్టిగా ఏమీ చెప్పలేమని సమీక్షకులు ముగించారు. అంటే తోడుగా ఇచ్చి చూడడానికి ఆస్కారం ఉంది, సర్జన్‌కు బదులుగా ఇవ్వడానికి లేదు. ఇలాంటి చికిత్సలను పరిపూరక వైద్యం అంటారు, ఆ పేరులోనే ఆ అర్థం ఉంది: పూరించేది, తోసివేసేది కాదు.

4. డబ్బు. 33,000 రూపాయలు కొందరికి చిన్న మొత్తం. మాకు అది ఒక కాపు మిర్చిలో కూలీలకు ఇవ్వవలసిన డబ్బు. సరైన రసీదు లేదు కాబట్టి ఏ బీమాకూ, ఏ వినియోగదారుల కమిషన్‌కూ చూపించుకోలేము. మా అక్కయ్య తన మెడలోని గొలుసు తాకట్టు పెట్టిన సంగతి కాలు పోయిన తరువాత గాని మాకు చెప్పలేదు.

5. ఆ గదిలో పనిచేసే ఆడపిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. మేము వెళ్ళిన ప్రతిసారీ ఆ గదిలో ఘాటు వాసన ఉండేది, సంచి తొడిగే అమ్మాయి దగ్గుతూనే ఉండేది. ఓజోన్‌ను తట్టుకునేంత రక్షణ ఊపిరితిత్తులకు లేదు. ఎనిమిది గంటల పనిలో గాలిలో పది లక్షల వంతుల్లో 0.1 వంతు మించకూడదన్నది అమెరికా కార్మిక భద్రతా పరిమితి. మిగిలిన వాయువును తిరిగి ఆక్సిజన్‌గా మార్చే పరికరం ఉండాలి. అక్కడ ఉన్నది ఒక కిటికీ, ఒక ఫ్యాను.

ఇక చట్టం మాట. చట్టాలు లేవని నేను అనను, సందులున్నాయి. 1954 నాటి ఔషధాలు, మంత్ర చికిత్సల ప్రకటనల చట్టం తన షెడ్యూలులో 54 వ్యాధులను చేర్చి, వాటిని నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. అందులో షుగరు ఉంది, క్యాన్సరు ఉంది, పక్షవాతం ఉంది, కుళ్ళు పట్టడం కూడా ఉంది. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి కాబట్టి రోగి మీద వాడే ఓజోన్ యంత్రానికీ జవాబుదారీ ఉండాలి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి. కానీ అదే నియమావళి, రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలన్న చోట ఆసుపత్రిలో చేరిన రోగుల మాటే చెప్పింది. ఓజోన్ సిట్టింగుకు వచ్చినవాడు ఎక్కడా చేరడు; గంటలో లేచి ఇంటికి వెళతాడు. ఆ సందులోనుంచే మా బావగారి కేస్ షీటు జారిపోయింది. ప్రకృతి వైద్యం కూడా 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం పరిధిలో లేదు. ఇన్ని సందులున్న చోట ఒక కార్యాలయం మరో కార్యాలయాన్ని చూపించడం తేలికే.

కనుక నా విన్నపాలు ఇవి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఒకటి. రెండు రాష్ట్రాల్లోనూ ఓజోన్ చికిత్స ఏ శాఖ పర్యవేక్షణ కిందికి వస్తుందో, ఏ అర్హత ఉన్నవారు చేయవచ్చో రాతపూర్వకంగా ప్రకటించాలి. రోగి ఒక రాష్ట్రంలో, కేంద్రం మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు ఫిర్యాదు ఎవరు తీసుకోవాలో కూడా అందులో ఉండాలి.

రెండు. ఇది నా ప్రధానమైన కోరిక. ప్రతి సిట్టింగుకూ ఒక పేజీ ఉండాలి: యంత్రం తయారీ సంస్థ, క్రమసంఖ్య, చివరిసారి సరిచూసిన తేదీ, ఆక్సిజన్ ఎక్కడిది, మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ మార్గంలో, ఎవరి చేతి మీదుగా. దాని నకలు అదే రోజు తెలుగులో రోగి చేతికి ఇవ్వాలి. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడు కూడా వాయువే. దాని సిలిండరుకు నా రిజిస్టరులో ఒక పేజీ ఉండేది. ఓజోన్‌కు ఎందుకు ఉండకూడదు?

మూడు. షుగరు పుండుతో వచ్చిన రోగికి కాలి రక్తప్రసరణ పరీక్ష, సర్జన్ అభిప్రాయం కాగితం మీద లేకుండా మొదటి సిట్టింగు మొదలుపెట్టకూడదు. రక్తంలో కలిపే చికిత్స అయితే జీ సిక్స్ పీడీ పరీక్ష తప్పనిసరి చేయాలి.

నాలుగు. వాయువును నేరుగా నరంలోకి ఎక్కించడాన్ని, పీల్పించడాన్ని పేరు పెట్టి నిషేధించాలి.

ఐదు. ఫోన్లలోనూ, బస్టాండు గోడల మీదా కనిపించే ప్రకటనలపై 1954 చట్టం కింద చర్య తీసుకోవాలి. ఈ పనికి ఫిర్యాదుదారు కోసం ఎదురుచూడనక్కరలేదు. గోడ అందరికీ కనబడుతూనే ఉంది.

ఆరు. చికిత్స తరువాత తలెత్తిన ఇబ్బందులను ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాల నమోదు), మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే ఇబ్బందుల నమోదు) కార్యక్రమాలకు తెలియజేయడం ప్రతి కేంద్రానికీ విధిగా ఉండాలి.

ఓజోన్ వైద్యులకు ఒక మాట. మీలో నిజాయతీగా, కొలిచి, ఆలోచించి చేసేవారున్నారని నాకు తెలుసు. మీ చికిత్స వల్ల నడుము నొప్పి తగ్గి పొలానికి వెళ్ళగలుగుతున్నవారినీ చూశాను. ఈ రిజిస్టరు వల్ల నష్టపోయేది మీరు కాదు. కొలత తెలియకుండా మర తిప్పేవాడి పక్కన మీ పేరు కూడా ఒకే బోర్డు కింద నిలబడుతున్నది ఇప్పుడే. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేదాకా ఆగకుండా రేపటి నుంచే ఆ పేజీ రాయడం మొదలుపెట్టండి. రోగి అడిగితే చూపించండి. పుండు నల్లబడడం మొదలైన రోజున ‘ఇక నా వల్ల కాదు, సర్జన్ దగ్గరకు వెళ్ళండి’ అని చెప్పండి. ఆ మాట చెప్పినందుకు మీ వైద్యం తక్కువైపోదు.

ఈ లేఖ నకళ్ళు సంబంధిత కార్యాలయాలన్నిటికీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అరవై రోజుల్లో జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద ఒక్కొక్కటిగా అడుగుతాను. ఇరవై రెండు టిక్కులున్న ఆ అట్ట కార్డు నా దగ్గరే భద్రంగా ఉంది. విచారణకు పిలిస్తే తీసుకుని వస్తాను. మా బావగారు కూడా వస్తానంటున్నారు. కృత్రిమ కాలు ఇంకా అలవాటు కాలేదు కాబట్టి, మెట్లు లేని గదిలో పిలవవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ ఫార్మసిస్టు